కార్డు కొనేముందు క్యాబినెట్ మూత తీయండి

ఈ నెల పాఠకులు పంపిన ప్రశ్నల్లో డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో అదనపు కార్డులు బిగించుకోవడం గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నందున, ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము. ఒకే సందేహాన్ని పలువురు అడిగినచోట ఒక ఉత్తరాన్ని మాత్రమే తీసుకున్నాము.

ప్రశ్న: ఒక కార్యాలయంలో వాడి తీసేసిన డెస్క్‌టాప్‌ను సికింద్రాబాద్ సీటీసీలో కొన్నాను. సన్నని క్యాబినెట్, ఆరో తరం ఐ5 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్. చిన్న వీడియోలు ఎడిట్ చేయడానికీ, అప్పుడప్పుడు ఆటలకూ గ్రాఫిక్స్ కార్డు కావాలి. స్నేహితుడు తన రెండు ఫ్యాన్ల కార్డును తక్కువ ధరకు ఇస్తానంటున్నాడు. దానికి కరెంటు తీగ వేరుగా ఇవ్వాలట. నా మెషీన్‌లో అలాంటి తీగ లేదు. హార్డ్‌డిస్కుకు వెళ్లే తీగ నుంచి మార్చి ఇచ్చే కన్వర్టర్ దొరుకుతుందని దుకాణంలో చెప్పారు. ఆ కార్డు తీసుకోవచ్చా?
— డిగ్రీ విద్యార్థి, నంద్యాల

జవాబు: తీసుకోకండి. కార్డు మంచిదే కావచ్చు, కానీ మీ మెషీన్‌లో దానికి చోటూ లేదు, దాన్ని నడిపించేంత కరెంటూ లేదు.

ముందు చోటు సంగతి చూద్దాం. కార్డుకు ఒక కొసన, క్యాబినెట్ వెనుక భాగానికి స్క్రూతో బిగించే ఇనుప పట్టీ ఉంటుంది. మామూలు క్యాబినెట్లకు పనికివచ్చే పట్టీ ఎత్తు 120 మిల్లీమీటర్లు కాగా, మీ సన్నని క్యాబినెట్‌లో దాదాపు 80 మిల్లీమీటర్ల పట్టీ మాత్రమే పడుతుంది. పట్టీని మార్చినంత మాత్రాన సరిపోదు, ఎందుకంటే రెండు ఫ్యాన్ల కార్డులో లోపలి బోర్డే ఎత్తుగా ఉంటుంది గనుక క్యాబినెట్ మూత పడదు. మీకు కావలసినది ‘లో ప్రొఫైల్’ అని అమ్మే పొట్టి కార్డు. దాన్ని కొనేటప్పుడు కూడా డబ్బాలో పొట్టి పట్టీ విడిగా ఉన్నదో లేదో చూసుకోండి. వాడిన కార్డులు అమ్మేవారి దగ్గర మొట్టమొదట పోయేది ఆ పట్టీయే. కార్డు మందాన్నీ గమనించాలి. చాలా సన్నని మెషీన్లలో కార్డు గుచ్చే పొడవైన స్లాట్, మెషీన్‌కు కరెంటు ఇచ్చే డబ్బా అయిన ఎస్‌ఎంపీఎస్ పక్కనే ఉంటుంది కాబట్టి, రెండు స్లాట్ల మందం ఉన్న కార్డు దానికి తగిలి ఆగిపోతుంది. ఒక స్కేలు తీసుకుని స్లాట్ నుంచి ఎస్‌ఎంపీఎస్ గోడ వరకు ఎంత ఖాళీ ఉన్నదో, వెనుక పట్టీ నుంచి ముందున్న హార్డ్‌డిస్కు గూడు వరకు ఎంత పొడవు ఉన్నదో కొలిచి, కాగితం మీద రాసుకుని, ఆ తరువాతనే దుకాణానికి వెళ్లండి.

ఇక కరెంటు. గ్రాఫిక్స్ కార్డుకోసం ఉద్దేశించిన 16 లేన్ల (సమాచారం నడిచే దారుల) పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ తానుగా ఇవ్వగలిగేది గరిష్ఠంగా 75 వాట్లు. కొన్ని సన్నని మెషీన్లలో తయారీదారులు దాన్ని ఇంకా తగ్గిస్తారు గనుక మీ మోడల్ మాన్యువల్‌లో ఆ అంకె వెతకండి. అంతకు మించి కావలసిన కార్డులకు ఎస్‌ఎంపీఎస్ నుంచి వేరే తీగ రావాలి. ఆరు పిన్నుల తీగ మరో 75 వాట్లు, ఎనిమిది పిన్నుల తీగ 150 వాట్లు ఇస్తాయి. దుకాణంలో చెప్పిన కన్వర్టర్ లెక్క ఇక్కడే తప్పుతుంది. హార్డ్‌డిస్కుకు వెళ్లే సాటా కరెంటు కొసలో 12 వోల్టులు మోసే పిన్నులు మూడు, ఒక్కొక్కటి ఒకటిన్నర ఆంపియర్లు మోయగలదు, అంటే మొత్తం 54 వాట్లు. ఆ కొస నుంచి 75 వాట్లు లాగే ఆరు పిన్నుల తీగ తయారుచేయడమంటే, బైకు మీద మోసే బరువును సైకిలు మీద వేయడమే. పిన్నులు వేడెక్కి ప్లాస్టిక్ కరిగిన కొసలను నేను స్వయంగా కత్తిరించి తీశాను.

మీ ఎస్‌ఎంపీఎస్ పక్కన అతికించిన చీటీ మీద ఎన్ని వాట్లని ఉన్నదో చూడండి. 240 వాట్లయితే, 65 వాట్ల ప్రాసెసర్, 75 వాట్ల కార్డు, మిగిలిన భాగాలకు ఒక 40 వాట్లు కలిపి 180 దగ్గర ఆగుతుంది కాబట్టి నిశ్చింతగా ఉండవచ్చు. 180 వాట్ల ఎస్‌ఎంపీఎస్ అయితే అసలు మిగులే ఉండదు.

వేరే తీగ అక్కరలేని కార్డుల్లో మీకు నప్పేవి మూడు. జీటీఎక్స్ 1650లో పొట్టి రకం ఉన్నది, 75 వాట్లు తీసుకుంటుంది. ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీ రకం 70 వాట్లతో పనిచేస్తుంది, అందులోనూ పొట్టి కార్డులు వచ్చాయి. మూడోది 53 వాట్ల ఆర్‌ఎక్స్ 6400. కరెంటు తక్కువని దుకాణదారులు దీన్నే ముందు చూపిస్తారు గాని, మీకు నేను సిఫారసు చేయను. వీడియోను కుదించి దాచే ఎన్‌కోడర్ ఆ చిప్‌లో లేదు కాబట్టి, ఎడిటింగ్ పూర్తయ్యాక ఫైలు తయారుచేసే భారమంతా మీ ప్రాసెసర్ మీదే పడుతుంది. పైగా అది నాలుగు లేన్లతోనే పనిచేసే నాలుగో తరం పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు, మీ మెషీన్‌లో ఉన్నది మూడో తరం స్లాట్, అంటే దారి సగానికి సగం ఇరుకవుతుంది. నా ఓటు 3050 పొట్టి రకానికే. ధర అందకపోతే 1650 తీసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంట్లో కంప్యూటర్‌కు కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించాడు. స్విచ్ వేస్తే ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి గాని, మానిటర్ మీద ‘నో సిగ్నల్’ అని వచ్చి ఆగిపోతోంది. కార్డు తీసేస్తే మామూలుగానే పనిచేస్తోంది. కార్డు చెడిపోయినదేనని దుకాణానికి తిరిగి ఇవ్వాలా? అసలు కార్డు బిగించే పద్ధతి ఏమిటో వివరంగా చెప్పగలరా?
— ఉపాధ్యాయిని, ఖమ్మం

జవాబు: ఇప్పుడే ఇవ్వకండి. ముందు మానిటర్ తీగ ఎక్కడ గుచ్చి ఉన్నదో చూడండి. కంప్యూటర్ వెనుక మదర్‌బోర్డుకు చెందిన హెచ్‌డీఎంఐ రంధ్రం పైన ఉంటుంది, కార్డు రంధ్రాలు దానికి దిగువన అడ్డంగా ఉంటాయి. కార్డు బిగించిన తరువాత తీగను కిందికి మార్చాలి. చాలా మదర్‌బోర్డులు కార్డు కనబడగానే పై రంధ్రాన్ని ఆపేస్తాయి కాబట్టి, అన్నీ సవ్యంగా ఉన్నా తెర నల్లగానే ఉండిపోతుంది. మా దగ్గరకు ‘చెడిపోయిన కార్డు’గా వచ్చినవాటిలో చాలా కార్డులకు ఉన్న జబ్బు ఇదే. ఫోన్‌లోనే నయం చేసి పంపించాము.

తీగ సరిగానే ఉంటే, కార్డును ఒకసారి తీసి మళ్లీ పద్ధతిగా బిగించాలి. కంప్యూటర్ ఆపి, గోడ స్విచ్ ఆపి, తీగ లాగేసిన తరువాత పవర్ బటన్‌ను నాలుగైదు క్షణాలు నొక్కి పట్టుకోండి. కెపాసిటర్లలో మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్‌ను మదర్‌బోర్డు కిందికి, స్లాట్లు పైకి కనబడేలా బల్ల మీద పడుకోబెట్టండి. నిలబెట్టి బిగించడం అనుభవం ఉన్నవారికే. కార్డు ఎదురుగా వెనుక ఉన్న ఖాళీ పట్టీలు కొన్నిటిలో స్క్రూతో వస్తాయి, చవక క్యాబినెట్లలో ఒకసారి మాత్రమే విరిచి తీయగలిగేలా రేకుతో అంటి ఉంటాయి. వాటిని వేళ్లతో విరవకండి, ఆ అంచులు బ్లేడులా కోస్తాయి. స్క్రూడ్రైవర్‌తో ముందుకూ వెనక్కూ ఊపితే వాటంతట అవే రాలిపోతాయి.

ఇక అసలు మెలకువ. పట్టీ అడుగున సన్నని నాలుక లాంటి కొస ఉంటుంది. అది మదర్‌బోర్డు అంచుకూ క్యాబినెట్ గోడకూ మధ్యనున్న ఇరుకు సందులోకి దిగాలి. చాలామంది ఇది గమనించరు. ఆ కొస సందులో దిగకుండా బోర్డు అంచు మీద ఆనినప్పుడు, చూడటానికి కార్డు స్లాట్‌లో కూర్చున్నట్టే ఉంటుంది గాని వెనుక భాగం రెండు మిల్లీమీటర్లు పైకి లేచి ఉంటుంది. తరువాత స్క్రూ బిగిస్తే ఇంకో వింత జరుగుతుంది. పట్టీ కిందికి వంగి, కార్డు ముందు కొస పైకి లేస్తుంది, స్లాట్‌లో సగం పిన్నులు మాత్రమే తగులుతాయి. అందుచేత ముందు నాలుకను సందులోకి దించి, ఆపైన కార్డును స్లాట్‌కు నిలువుగా, ఎటూ ఒరగకుండా పట్టుకుని, రెండు బొటనవేళ్లతో రెండు కొసలా సమానంగా నొక్కండి. స్లాట్ చివరనున్న ప్లాస్టిక్ కొక్కెం ‘టక్’మని పడాలి. బంగారు రంగు పిన్నులు ఏమాత్రం బయటికి కనబడకూడదు. కొంచెం కనబడితే అన్ని చోట్లా ఒకే మందంతో గీతలా కనబడుతున్నదా, ఒక పక్కన ఎక్కువగా ఉన్నదా చూడండి. ఒక పక్కన ఎక్కువగా ఉంటే కార్డు ఒరిగి ఉన్నట్టే. అంతా కుదిరాకనే స్క్రూ బిగించాలి. కార్డు తీసేటప్పుడు ముందు ఆ కొక్కెం నొక్కాలన్న సంగతి మరచి పీకితే, కొక్కెమే కాదు, కొన్నిసార్లు స్లాట్ కూడా ఊడివస్తుంది.

కొత్త కార్డు పిన్నులను రబ్బరుతో రుద్దే అలవాటు మన మెకానిక్కులందరికీ ఉన్నది. పాత కార్డుకు నలుపు పట్టి ఉంటే తెల్లని పెన్సిల్ రబ్బరుతో సుతారంగా రుద్ది, పొడిని బ్రష్‌తో దులిపి పెట్టడంలో తప్పులేదు. కొత్తదానికి మాత్రం అవసరం లేదు. బంగారు పూత చాలా పలచన.

కార్డు మీద కరెంటు రంధ్రం ఉంటే అందులో ఎస్‌ఎంపీఎస్ తీగ పెట్టి తీరాలి. అది ఖాళీగా ఉంటే ఫ్యాన్లు తిరుగుతాయి గాని బొమ్మ రాదు. ఇక్కడ జాగ్రత్త అవసరం. ప్రాసెసర్‌కు వెళ్లే ఎనిమిది పిన్నుల తీగ నాలుగు, నాలుగుగా విడిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు తీగ ఆరు, రెండుగా విడిపోతుంది. రెండూ చూడటానికి ఒకేలా ఉన్నా, వాటిలో 12 వోల్టుల వరుసా ఎర్త్ వరుసా తారుమారుగా ఉంటాయి. పిన్నుల ఆకారాలు వేరుగా ఉన్నందున ప్రాసెసర్ తీగ మామూలుగా కార్డులో దిగదు. బలవంతంగా దించితే షార్ట్ అవుతుంది. తీగలు ఊడదీసుకునే రకం ఎస్‌ఎంపీఎస్ అయితే, ఒక కంపెనీ తీగను మరో కంపెనీ ఎస్‌ఎంపీఎస్‌కు ఎప్పటికీ వాడకండి. కొస సరిగ్గా పట్టినా, లోపలి వరుస వేరుగా ఉంటుంది. నేను ఈ వృత్తిలో మొదటి ఏళ్లలో ఉండగా, డ్రాయర్‌లో దొరికిన తీగ ఒకటి ఇలాగే వాడి, ఒక ఖాతాదారుడి రెండు హార్డ్‌డిస్కులు కాల్చాను. వాటి ధర ఇచ్చుకున్నాను గాని, అందులోని పెళ్లి ఫొటోలు మాత్రం తిరిగి తెచ్చి ఇవ్వలేకపోయాను.

ఇవన్నీ చేసినా తెర రాకపోతే, కార్డు ఎంత పాతదో అడగండి. సుమారు 2012కు ముందు వచ్చిన కార్డులు చాలావాటిలో యూఈఎఫ్‌ఐ అనే కొత్త బూట్ పద్ధతిలో తెర చూపించే ప్రోగ్రాం లేదు. కొత్త మదర్‌బోర్డులు పాత బయోస్ పద్ధతిని మూసి ఉంచుతాయి కాబట్టి, ఆ రెండింటికీ మాట కలవదు. కార్డు తీసి, బయోస్ సెట్టింగుల్లో పాత పద్ధతిని అనుమతించే సీఎస్‌ఎం అనే అంశం ఉంటే తెరిచి చూడవచ్చు. ఇన్ని చేశాక కూడా ఫలితం లేకపోతే ఆ కార్డును మరొకరి మెషీన్‌లో పెట్టి చూడండి. అక్కడా రాకపోతే అప్పుడు దుకాణానికి నడవండి. డ్రైవర్ల గురించి ఈ దశలో ఆలోచించనక్కరలేదు, ఎందుకంటే డ్రైవర్ లేకపోయినా ఏ కార్డయినా మొదటి తెర చూపిస్తుంది.

ప్రశ్న: కార్డు పట్టుకునేటప్పుడు చేతికి కట్టుకునే యాంటీ స్టాటిక్ పట్టీ తప్పనిసరా?
— అనంతపురం నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఉంటే మంచిదే, లేకపోతే ఆగనక్కరలేదు. వేలి కొసకు చిటుక్కున తగిలినట్టు మనకు తెలిసేది సుమారు 3000 వోల్టుల వద్ద. చిప్‌లు అంతకన్నా ఎన్నో రెట్లు తక్కువకే పాడవుతాయి. అంటే తెలియకుండా చేసే చేటే ఎక్కువ. కోస్తాలో గాలిలోని తేమ కొంత కాపాడుతుంది గాని, మీ ప్రాంతపు పొడి గాలిలోనూ ఏసీ గదుల్లోనూ జాగ్రత్త తప్పదు. నైలాన్ తివాచీ మీద నిలబడకుండా, పని మొదలుపెట్టే ముందూ మధ్యమధ్యనూ రంగు వేయని క్యాబినెట్ రేకును తాకండి. కార్డును అంచులు పట్టుకునే ఎత్తండి. కార్డు వచ్చిన వెండి రంగు సంచి లోపలే దాన్ని కాపాడుతుంది. సంచి పైన కార్డు పెట్టి ఫొటో తీయడం వల్ల ఆ రక్షణ ఏమీ రాదు.

ప్రశ్న: మా రైస్‌మిల్లులో తూకం చీటీలూ బిల్లులూ డాట్ మాట్రిక్స్ ప్రింటర్ మీద మూడు కార్బన్ కాపీలతో తీస్తాము. పాత కంప్యూటర్ పోయింది. కొత్తదానికి ఆ వెడల్పాటి ప్రింటర్ రంధ్రం లేదు. పారలల్ కార్డు కొని పెట్టించాము. విండోస్‌లో టెస్ట్ పేజీ వస్తోంది గాని, మా ఫాక్స్‌ప్రో బిల్లింగ్ ప్రోగ్రాం నుంచి ఏమీ రావడం లేదు.
— గుమస్తా, మిర్యాలగూడ

జవాబు: టెస్ట్ పేజీ వచ్చిందంటే కార్డు, తీగ, ప్రింటర్ మూడూ బాగున్నాయి. మీ ప్రోగ్రాం ఎల్‌పీటీ1 అనే పేరుతో ప్రింటర్‌ను పిలుస్తోంది. కొత్తగా పెట్టిన కార్డుకు విండోస్ చాలాసార్లు ఎల్‌పీటీ3 అని పేరు పెడుతుంది. పిలిచిన పేరు గలవాడు లేనందున చీటీ ఎవరికీ అందడం లేదు. డివైస్ మేనేజర్‌లో ఆ పోర్టును తెరిచి, పోర్ట్ సెట్టింగ్స్‌లో దాని సంఖ్యను ఎల్‌పీటీ1కు మార్చి, ప్రింటర్ లక్షణాల్లో కూడా అదే పోర్టును ఎంచుకోండి. అయినా రాకపోతే, ప్రింటర్‌ను షేర్ చేసి, ‘నెట్ యూజ్’ ఆదేశంతో ఎల్‌పీటీ1 పేరును ఆ షేర్‌కు ముడిపెట్టవచ్చు. ఈ ఆదేశం శాశ్వతంగా ఉండేలా ఒకసారి ఇస్తే చాలు.

అయితే రెండు చిక్కులు ఉన్నాయి. మీ ప్రోగ్రాం డాస్ కాలపు ఫాక్స్‌ప్రోలో రాసినదైతే 64 బిట్ విండోస్‌లో అది తెరుచుకోనే తెరుచుకోదు. మీకు తెరుచుకుంటోంది కాబట్టి అది విజువల్ ఫాక్స్‌ప్రో అయినా కావాలి, మీది 32 బిట్ విండోస్ అయినా కావాలి. రెండోది, కొన్ని పాత ప్రోగ్రాంలు దొంగ నకళ్లను ఆపడానికి ప్రింటర్ రంధ్రానికి తగిలించే ‘లాక్’ను అడుగుతాయి. అటువంటివి పోర్టును పేరుతో కాక, పాత మదర్‌బోర్డుల్లో దానికి ఉండే 378 అనే చిరునామాతో వెతుకుతాయి. పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డుకు వేరే చిరునామా దక్కుతుంది గనుక అక్కడ పేరు మార్చినా లాభం ఉండదు. ప్రోగ్రాం రాసినవారినే పట్టుకోవాలి.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. ఇటువంటి కార్డుల మీద ఎంసీఎస్ 99తో మొదలయ్యే సంఖ్య గల చిప్ కనబడితే, అది హైదరాబాదు సంస్థ మోస్‌చిప్ రూపొందించిన వరుసలోనిదని గుర్తించండి. తరువాత ఆ చిప్‌లు తైవాన్ సంస్థ ఏసిక్స్ చేతికి వెళ్లాయి, డ్రైవర్లు అక్కడే దొరుకుతాయి.

ప్రశ్న: వైఫై, బ్లూటూత్ రెండూ ఉన్న కార్డు పెట్టాను. వైఫై బాగుంది. బ్లూటూత్ అసలు కనబడటం లేదు.
— ఇంజినీరింగ్ విద్యార్థిని, చీరాల

జవాబు: కార్డు డబ్బాలో ఒక చిన్న తీగ మిగిలిపోయి ఉంటుంది, చూడండి. వైఫై పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ద్వారా పనిచేస్తుంది గాని, బ్లూటూత్ యూఎస్‌బీ మార్గంలో నడుస్తుంది. ఆ తీగ ఒక కొసను కార్డుకూ, రెండో కొసను మదర్‌బోర్డు మీద తొమ్మిది పిన్నుల యూఎస్‌బీ హెడర్‌కూ తగిలించాలి. క్యాబినెట్ ముందున్న యూఎస్‌బీ రంధ్రాల తీగ ఆ హెడర్‌ను ఆక్రమించి ఉంటే, రెండో హెడర్ కోసం బోర్డు అడుగు అంచున వెతకండి.

ప్రశ్న: పెళ్లిళ్లు లైవ్ ఇవ్వడానికి స్టూడియో కంప్యూటర్‌లో క్యాప్చర్ కార్డు పెట్టుకున్నాను. ఏడాదిగా బాగానే ఉన్నది. గత వారం మదర్‌బోర్డు మీద ఖాళీగా ఉన్న ఎం.2 అనే చిన్న చోటులో ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే చిప్‌ల డిస్కు) పెట్టించగానే క్యాప్చర్ కార్డు మాయమైంది. ఎస్‌ఎస్‌డీ తీసేస్తే తిరిగి వస్తోంది.
— ఫొటో స్టూడియో యజమాని, రాజమహేంద్రవరం

జవాబు: రెండూ బాగానే ఉన్నాయి, రెండింటికీ నీరు ఒకే తూము నుంచి వస్తోంది. ప్రాసెసర్, చిప్‌సెట్ ఇవ్వగల పీసీఐ ఎక్స్‌ప్రెస్ లేన్లకు పరిమితి ఉంటుంది. మదర్‌బోర్డు మీద కనబడే చోట్లన్నిటికీ అవి సరిపోవు కాబట్టి, తయారీదారులు ఒకే లేన్లను రెండు చోట్లకు కలిపి, ఒకటి నిండితే రెండోది మూతపడేలా ఏర్పాటు చేస్తారు. కొన్ని బోర్డుల్లో ఎం.2 నిండితే స్లాట్ బదులు రెండు సాటా రంధ్రాలు ఆగిపోతాయి. ఈ సంగతి మాన్యువల్‌లో చిన్న అక్షరాల్లో, నక్షత్రపు గుర్తు పక్కన రాసి ఉంటుంది. క్యాప్చర్ కార్డును మరో స్లాట్‌లోకి గాని, ఎస్‌ఎస్‌డీని రెండో ఎం.2 చోటులోకి గాని మార్చండి.

స్లాట్ మార్చేటప్పుడు పొడవు చూసి మోసపోకండి. కింది పొడవైన స్లాట్‌లో 16 లేన్ల పొడవు ఉన్నా, లోపల చాలాసార్లు నాలుగు లేన్లే కలిపి ఉంటాయి. టార్చి వేసి స్లాట్ లోపల పిన్నులు ఎంతవరకు ఉన్నాయో చూస్తే తెలిసిపోతుంది. క్యాప్చర్ కార్డుకు అది సమస్య కాదు. మూడో తరం లేన్ ఒక్కటే సెకనుకు దాదాపు 985 ఎంబీ మోస్తుంది కాబట్టి, ఒకటి రెండు కెమెరాల దృశ్యాలకు నాలుగు లేన్లు ధారాళంగా చాలు. చిన్న కార్డును పెద్ద స్లాట్‌లో పెట్టడం వల్ల నష్టమేమీ లేదు.

ప్రశ్న: మా నాన్నగారి హరికథల క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి పాతికేళ్ల నాటి మంచి సౌండ్ కార్డును దాచుకున్నాను. కొత్త కంప్యూటర్‌లో అది పట్టే చోటు లేదు. అడాప్టర్ ఏదైనా ఉన్నదా?
— విశ్రాంత ఉద్యోగి, తెనాలి

జవాబు: అది 1992లో మొదలైన పాత పీసీఐ పద్ధతి కార్డు అయి ఉంటుంది. ఇప్పటి పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్‌లో దాన్ని బలవంతం చేయకండి, కోత స్థానమే వేరు. మధ్యలో మార్పిడి చేసే అడాప్టర్లు దొరుకుతాయి గాని, ఆ కార్డుకు 64 బిట్ విండోస్ డ్రైవర్ దొరుకుతుందో లేదో ముందు వెతకండి. దొరకకపోతే అడాప్టర్ డబ్బు వృథా. క్యాసెట్ ధ్వనికి అంత శ్రమ అక్కరలేదన్నదే నా అభిప్రాయం. మీ మదర్‌బోర్డు వెనుక నీలం రంగు గుండ్రని రంధ్రం ఉంటే అది లైన్ ఇన్. టేప్‌రికార్డర్ లైన్ అవుట్ నుంచి స్టీరియో తీగతో దానికి కలపండి, గులాబీ రంగు మైకు రంధ్రానికి కాదు. క్యాసెట్ పెట్టేముందు టేప్‌రికార్డర్ హెడ్‌ను స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవడం మరచిపోకండి.